బియ్యంలో అగ్గిపుల్ల

కోవిల్‌పట్టి
9-11-2024, శనివారం

బంగారు తల్లి మారీశ్వరికి నాయన పాలసామి రాసేది.

ఇక్కడ నేను బాగున్నాను, మీ అమ్మ ఇసక్కియమ్మాళ్ బాగుంది, ఆమె నోరు ఇంకా బాగుంది. ఈరోజు నా సంతోషం ఎంతని రాసేది బిడ్డా. వీథి మొనన ఉన్న అంగడిలో వేరుశనగ మిఠాయి కొని కనపడినవాళ్ళందరికీ పంచాను. ఏం విశేషమని అడిగారట. నాకెక్కడ వినిపిస్తుంది? ఊరికే నవ్వాను.

ఇక నీకేం బెంగ లేదు. ఆ ఓనరమ్మ పాక్కియం ఇకమీద నీ గుమ్మంలో నిలబడి గొంతు పెంచదు. దేవిప్రియ పదో క్లాసు పరీక్షలు రాసేదాకా ఇల్లు కదిలే పని లేదు. అల్లుణ్ణి కాలు తొందరపడి నేలమీద ఆనించవద్దని చెప్పు. అన్నీ సర్దుకున్నాయి.

ఫోను చేయవద్దు. అగ్గిపెట్టెల ఆపీసులో ముప్పైఆరేళ్ళు మిషను పక్కన నిలబడిన చెవి ఇది, ఫోనులో నీ గొంతు నాకు ఈగ ముసిరినట్టే ఉంటుంది. ఉత్తరమే రాయి. మన తెలుగులోనే రాయి. మా అత్త నాకు ఇసకలో నేర్పిన అక్షరాలు నీకు నేర్పింది ఇందుకే, తిన్నెమీద పడి ఉన్నా ఈ తమిళ వీథిలో ఒక్కరూ చదవలేరు.

నీ నాయన,
పాలసామి

*

విరుదునగరం
18-11-2024, సోమవారం

నాయనకు మారీశ్వరి రాసేది.

నీ జాబు గురువారం అందింది. మూడుసార్లు చదివాను, ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏం సర్దుకుంది? ఎవరికి సర్దుకుంది?

నిన్న ఆదివారం మధ్యాహ్నం ఏసుస్వామి వేదకోవిల నుంచి జ్ఞానం టీచరని ఒకామె, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. నా వాకిట్లో నిలబడలేదు. నేరుగా ఓనరమ్మ ఇంట్లోకి వెళ్ళి, నిలిచిపోయిన మూడు నెలల బాడుగా, పరీక్షలయ్యేదాకా రావలసిన బాడుగా కట్టి, పోతూ పోతూ నాకు ఒక నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. అప్పుడు నీ జాబు అర్థమయింది. లోపలికెళ్ళి దానిమీది తేదీ మళ్ళీ చూశాను.

ఆదివారం జరిగింది, గురువారమే నీ జాబులో ఎట్లా ఉంది నాయనా?

బాడుగ నిలిచిందని నీకు ఎవరు చెప్పారు? నేను చెప్పలేదు. ఆయన మూడు నెలల కిందట, ఆవణి నెలలో, లోడు లారీ మీదినుంచి పడి కాలు విరగ్గొట్టుకున్న సంగతి కూడా నీకు చెప్పలేదు. తూత్తుకుడి హార్బరుకు లోడెత్తే పనికి వెళ్ళాడనే కదా మూడు జాబుల్లోనూ రాశాను. ఆయన ఇంట్లో కట్టుతో కూర్చొని ఉంటే హార్బరని రాశాను. నా తప్పే. కానీ నీకు తెలిసిన దారి ఏది?

ఇక్కడ అన్నం తింటున్నాం. వేదకోవిల గేటు దగ్గర నెలాఖరు ఆదివారం చవకగా అమ్మే బియ్యమే. పది ఇళ్ళ బియ్యం ఒకటిగా కలిపినట్టుంటుంది, సగం గుజ్జయిపోతుంది, సగం పలుకు. రాయి మాత్రం ఒక్కటి ఉండదు. దానికి బదులు అప్పుడప్పుడూ మందు పెట్టని అగ్గిపుల్ల వస్తుంది.

నిజం రాయి.

మారీశ్వరి

*

కోవిల్‌పట్టి
25-11-2024

నా కన్నతల్లికి,

నీ జాబు చూసి మీ అమ్మకు చదివి వినిపించాను. అల్లుడి కాలు సంగతికి ఆమె ఏడ్చింది, తర్వాత నిన్ను తిట్టింది, తర్వాత నన్ను తిట్టింది. వరస తప్పలేదు.

ఎట్లా తెలిసిందని అడిగావు. జక్కమ్మ తల్లి కలలో వచ్చింది బిడ్డా. ఎర్ర చీర, పెద్ద బొట్టు. పాలసామీ, నీ కూతురి ఇంటి తలుపు నేను కాస్తానని చెప్పింది. కలలో నా చెవులు బాగా వినిపిస్తాయి. ఆ సంతోషంలో రాసేశాను. అదీగాక విరుదునగరం బస్సు కండక్టరు రామసుబ్బు మనవాడే, అతనూ ఏదో అన్నట్టు గుర్తు.

ఇచ్చిన చేతిని వెతకకూడదు తల్లీ. వాన పడితే ఏ మబ్బుదని అడుగుతామా? మన నల్లరేగడి వాళ్ళం అస్సలు అడగం.

ఆ బియ్యాన్ని తక్కువగా అనవద్దు. ఒక్క రాయి లేదని నువ్వే రాశావు. ఎవరో ఎంత శ్రద్ధగా ఏరి ఉంటారో. కళ్ళు మండేదాకా ఏరి ఉంటారు. పుల్ల వస్తే ఏమయింది, పుల్ల పన్ను విరగ్గొట్టదు.

నీ నాయన

*

విరుదునగరం
4-12-2024

నాయనకు,

కల ఒకటి, కండక్టరు ఒకడు. ఒకటి చెప్పి ఉంటే నమ్మేదాన్నేమో. రెండు చెప్పావు చూడు, అక్కడ దొరికావు. మనవాడు రామసుబ్బు రిటైరై రెండేళ్ళయింది. మర్చిపోయావా?

ఇక్కడ సంగతి విను. ఆయన రెండు రోజులు అన్నం ముందు కూర్చొని లేచిపోయాడు. మూడో రోజు, “మగవాడు ఇంట్లో ఉండగా ఆ ఇంటికి బాడుగ ఎవడు కట్టాడు? పేరు చెప్పు,” అన్నాడు. వేదకోవిల అన్నాను. “కోవిలకు చేతులుంటాయా? ఆ చేయి ఎవరిది? మీ నాయనదైతే రేపే ఇల్లు ఖాళీ చేస్తాను. ఈ ముత్తుపాండి, మామ సొమ్ము కట్టిన ఇంట్లో పడుకునేవాడు కాదు,” అన్నాడు. కట్టు కాలితో ఎక్కడికి పోతాడో అడగలేదు. పప్పు మిల్లులో నా పక్క చేటామె కూడా అడిగింది, “ఊరికే ఎవరు కడతారు మారీ?” అని. ఆ ‘ఊరికే’ని ఎంత సాగదీసిందంటే, నేను మధ్యాహ్నం దాకా తల ఎత్తలేదు.

పాక్కియమ్మను కుళాయి దగ్గర నిలదీశాను. నా పేరు వాళ్ళకు ఎవరిచ్చారని.

“నేనే ఇచ్చాను,” అంది, బిందె వంచకుండానే.

“నన్ను అడగకుండా?”

“అడిగితే వద్దంటావు. నీ బాడుగ నాకు రావాలి, నా ఇల్లు నీకుండాలి. రెండూ ఒక్క చీటీతో తీరితే నీకెక్కడ నొప్పి?”

“మీరే నాలుగు నెలలు ఆగి ఉండొచ్చుగా.”

“ఆగితే పొద్దున లేచి నా ముందు తల వంచుకొని నీళ్ళు పడతావు. అది నేను చూడలేను. పైగా నా షుగరు మాత్రలు ఎవరు కొంటారు, నీ మొగుడా?”

ఆమెను నమ్మాలో వద్దో తెలియడం లేదు. ఆమె పేరిచ్చిందే నిజమైతే, నీకెట్లా తెలిసింది?

నాకు మూడు అనుమానాలు. నువ్వు నామం చెరిపేసి వాళ్ళలో చేరావు. లేదా అమ్మ చెవి పాంపడాలు అమ్మి, ఆ సొమ్ము వాళ్ళ చేత కట్టించావు. లేదా ఏదో కాగితంలో సంతకం పెట్టావు, రేపు పండగకు మా ముగ్గురి బొమ్మలతో కోవిల ముందు ప్లెక్సు కడతారు. దేవిప్రియ బడి ఆ దారిలోనే ఉంది. అదే జరిగితే ఆ పిల్ల పరీక్షకు పోదు, నాకు తెలుసు.

ఇంకొకటి. పోయిన ఏడు అమ్మ కంటి ఆపరేషనప్పుడు ఎట్లా గడుస్తోందని అడిగితే ఆపీసు పాత బోనసు వచ్చిందని రాశావు. మూతపడిన ఆపీసు బోనసిస్తుందా నాయనా? అప్పుడు నమ్మాను.

మారీశ్వరి

*

కోవిల్‌పట్టి
14-12-2024

తల్లీ,

అబ్బా, నిన్ను పోలీసుకు చదివించి ఉండాల్సింది.

ఈ కాగితం కుడి మూల తెల్ల మరక చూడు. ఈరోజు పొద్దున పెట్టుకున్న నామం, చేయి తగిలి అంటింది. చెరపలేదు, చెరపమని ఎవరూ అడగలేదు. వాళ్ళు చేతులు జోడిస్తే నేనూ జోడిస్తాను, వాళ్ళు కళ్ళు మూసుకుంటే నేను మా జక్కమ్మ తల్లిని తలుచుకుంటాను. చెవుడు ఎంత సుఖమో, ఎవరి ప్రార్థన ఎవరికి పోతోందో గొడవ లేదు.

పాంపడాలు మీ అమ్మ చెవులకే ఉన్నాయి. నీ అనుమానం తీర్చడానికి ఇప్పుడే ఒకటి పట్టుకొని లాగి చూశాను. చేతిమీద గరిటె తగిలింది, అందుకే ఈ వరస వంకర పోయింది.

ప్లెక్సు కట్టరు. ఆ చీటీలో పేరే ఉండదు, బొమ్మెక్కడ ఉంటుంది?

అల్లుడికి చెప్పు, ఇందులో నా సొమ్ము ఒక్క కాసు లేదు. ఉంటే గదా బిడ్డా. దేవిప్రియకు మిఠాయి పంపుతున్నాను.

నీ నాయన

*

విరుదునగరం
30-12-2024

నాయనకు,

వాళ్ళ ప్రార్థనలో ఎప్పుడు కూర్చున్నావు? చీటీలో పేరుండదని నీకెట్లా తెలుసు? నేను అడిగినవాటికి జవాబు చెప్పకుండా అడగనివి రెండు చెప్పావు.

నిన్న నెలాఖరు ఆదివారం. బియ్యం కొనడానికి వెళ్ళాను. ఇంటికొచ్చి చేటలో పోస్తే మళ్ళీ పుల్లలు. ఈసారి ఒకటి రెండు కాదు, అయిదు, మూట అడుగున ఒకే చోట. నాలుగు నిలువు, వాటిమీద అయిదోది అడ్డం, విడిపోకుండా దారంతో కట్టి.

నేను చేట కింద పెట్టేశాను.

నాకు ఏడేళ్ళప్పుడు నువ్వు ఆపీసు నుంచి మందు పెట్టని పుల్లలు జేబులో వేసుకొచ్చేవాడివి. ఇంట్లో జొన్నలు పడితో కొలిచేటప్పుడు పడికొక పుల్ల పక్కన పెట్టేవాడివి. అయిదో పడికి అడ్డం. నోటితో లెక్కపెడితే ఎవరో పలకరిస్తారు, లెక్క చెడుతుంది, పుల్ల పలకరింపుకు చెడదు అనేవాడివి. ఆ అలవాటు లోకంలో ఇంకెవరికైనా ఉంటుందా?

మళ్ళీ కోవిల గేటుకు వెళ్ళాను. ఈ బియ్యం ఎక్కడిదని జ్ఞానం టీచరును అడిగాను. “కోవిల్‌పట్టిదమ్మా. అక్కడి బియ్యం ఇక్కడ, ఇక్కడి బియ్యం అక్కడ,” అంది. ఏరేది ఎవరు, చెవులు వినిపించని ముసలాయనా, అని నోటిదాకా వచ్చింది. ఆమె నా ముఖం చూసి, “ఎందుకమ్మా?” అంది. ఊరికే అన్నాను.

ఇంకోసారి ఊరికే అనను. సంక్రాంతి లోపు నీ జాబు రాకపోతే నీ పేరు పెట్టి అడుగుతాను.

మారీశ్వరి

*

కోవిల్‌పట్టి
6-1-2025

నా తల్లికి,

అడగవద్దు. నీ కాళ్ళు కాకపోయినా నీ గడప పట్టుకొని అడుగుతున్నాను, నా పేరు అక్కడ ఎత్తవద్దు. అంతా రాస్తాను.

పోయిన ఏడు బోనసు రాలేదు. మీ అమ్మ కన్నుకు ఉన్నదంతా పోయింది, నాలుగు నెలలు ఈ ఇంటి బాడుగ నిలిచింది. ఓనరు కాళిముత్తు మంచివాడే, కానీ ఇల్లు అమ్మే మాటలు మొదలుపెట్టాడు. ఒక ఆదివారం, రెండు ఊళ్ళ పనీ చూసే ఆ జ్ఞానం టీచరు వచ్చి కాళిముత్తుకు కట్టి, నాకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది. నీకు జరిగినట్టే. నేనూ నీలాగే అనుమానపడ్డాను. వారం పాటు తలుపు గడియ పెట్టుకొని కూర్చున్నాను, మతానికి లాగడానికి వస్తారని. ఎవరూ రాలేదు. రాలేదని కోపం వచ్చి నేనే వెళ్ళాను.

అప్పుడు చూశాను. వాళ్ళ ఆడవాళ్ళు రోజూ ఎసట్లో బియ్యం వేసే ముందు ఒక పిడికెడు తీసి పక్క కుండలో వేస్తారు. ఒక్కో ఇంటిది ఒక్కో రకం, పొన్ని, పచ్చి బియ్యం, రేషను బియ్యం. అన్నీ ఒకచోట పోసి, ఏరి, అమ్మి, దాంతో నిలిచిపోయిన బాడుగలు కడతారు. ఇచ్చినవాళ్ళకు తీసుకున్నవాళ్ళ ముఖం తెలియకూడదని ఈ ఊరి బియ్యం మీ ఊరి ఇళ్ళకు, మీ ఊరి బియ్యం ఈ ఊరి ఇళ్ళకు. నా బాడుగ విరుదునగరం పిడికిళ్ళు కట్టాయి బిడ్డా. నీ వీథిలో ఏ పొయ్యి దగ్గరిదో.

ఊరికే తిన్నానని ఉండకూడదని శనివారం శనివారం వెళ్ళి ఏరుతున్నాను. నలుగురు ఆడవాళ్ళ మధ్య నేనొక్కణ్ణే మగవాణ్ణి. మొదట నవ్వారు, ఇప్పుడు నా చేటకు పోటీ లేదు. ఆపీసు మూసినప్పటి నుంచి నాకు శనివారానికీ సోమవారానికీ తేడా లేకుండా పోయింది. ఇప్పుడు శుక్రవారమే గడ్డం గీసుకుంటాను.

ఏరేవాళ్ళకు ఒకటే కట్టడి. ఏరే చేతికీ ఆ చీటీ ఇంటికీ చుట్టరికం ఉండకూడదు. ఉంటే ఆ చీటీ తీసేసి తర్వాతి ఇంటికి ఇస్తారు. మనవాళ్ళకే పంచుకుంటున్నారనే మాట రాకూడదని.

నవంబరులో ఆ శనివారం టీచరు కొత్త చీటీ చదివింది. నాకు వినిపించదని ఎప్పటిలా నా చేతికిచ్చింది. పేరు లేదు. మొగుడు లారీ మీదినుంచి పడి కాలు విరిగింది. ఆమె పప్పు మిల్లులో చేట పని. కూతురు పదో క్లాసు. ఎవరినీ చేయి చాచి అడిగే మనిషి కాదు. పాపం అనుకున్నాను, ఎవరి బిడ్డో అనుకున్నాను. కింద ఇంకో వరస ఉంది. “ఆమెకు నెలకొకసారి కోవిల్‌పట్టి నుంచి తెలుగు జాబు వస్తుంది, అది మాలో ఎవరూ చదవలేరు.”

అది నా జాబు కదా తల్లీ.

చేట ఒళ్ళో ఉంది కాబట్టి బియ్యం నేల పాలు కాలేదు. హార్బరు, లోడు అని నువ్వు రాసినదంతా ఒక్కసారి కూలింది. కళ్ళలో నీళ్ళు వచ్చాయి, తవుడు పడిందని చెప్పాను. అంతలోనే సంతోషం వచ్చింది చూడు, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నేను ఏరే బియ్యం నా బిడ్డ ఇంటి కప్పు అవుతుంది. ఇది నా కూతురే అని చెప్పడానికి నోరు తెరిచాను. చెబితే చీటీ పోతుంది. మూసుకున్నాను. నోరు మూసుకున్నవాణ్ణి చేయి కట్టుకోలేకపోయాను, నేరుగా ఇంటికొచ్చి నీకు రాసి మిఠాయి పంచాను. టీచరు ఇంకా మీ ఊరు బయలుదేరనే లేదని గుర్తే లేదు.

పడి లెక్కకు పెట్టుకున్న పుల్లలు ఒకటీ అరా జారి పడేవి, ఆ అయిదు మాత్రం తెలిసే పెట్టాను. నువ్వే కొంటావని రాశావు కదా. ఎవరి మూటకు పోతుందో తెలియకపోయినా, ఏదో ఒకటి నీ చేటలో పడాలనిపించింది. అది నా తప్పు.

నీ నాయన

*

విరుదునగరం
15-1-2025

నాయనకు,

నీ జాబు ఆయనకు చదివి వినిపించాను, అమ్మ కంటి సంగతితో సహా.  తర్వాత, “అయితే మామ ఏరిన అన్నమేనా ఇన్నాళ్ళూ నేను తిన్నది?” అన్నాడు. అవునన్నాను. “పలుకు ఎక్కువ,” అన్నాడు. ఆ పూట రెండోసారి వడ్డించుకున్నాడు. అయినా నేనింకా ఆయన ముఖం గమనిస్తూనే ఉన్నాను.

కానీ నాయనా, నాకు నిద్ర పట్టడం లేదు. చుట్టరికం ఉంటే తర్వాతి ఇంటికని కట్టడి. ఆ తర్వాతి ఇల్లు ఎవరిది? అక్కడా ఒక పిల్ల పదో క్లాసు చదువుతూ ఉంటే? ఓనరమ్మ ముందు తల వంచకుండా నీళ్ళు పడుతున్నాను, ఆ ఇంటి ముందు తల వంగుతోంది. నెలాఖరు ఆదివారం టీచరుకు నేనే చెబుతాను. ఇల్లు ఖాళీ చేయమంటే చేస్తాం. దేవిప్రియ ఎక్కడినుంచైనా చదువుతానంది. ఆ మాట అన్నాక లోపలికెళ్ళి తన పుస్తకాలు గోనెలో సర్దింది. అది చూసి ఈ జాబు రాస్తున్నాను.

మారీశ్వరి

*

కోవిల్‌పట్టి
25-1-2025, శనివారం

తల్లీ,

గోనె విప్పమని చెప్పు. నీకంటే ముందు నేనే చెప్పేశాను.

నీ జాబు చేతబట్టుకొని ఈరోజు అందరి ముందు లేచి నిలబడ్డాను. ఈ చీటీ నా కూతురిది, నవంబరు నుంచి నాకు తెలుసు అన్నాను. టీచరు పలకమీద రాసి అడిగింది, “పేరు నువ్విచ్చావా?” అని. లేదన్నాను. “నీ కూతురు నిన్నడిగిందా?” లేదన్నాను. చాలాసేపు తమలో తాము మాట్లాడుకున్నారు. పెదవులు చూస్తూ కూర్చున్నాను, ఒక్కటీ అంతుపట్టలేదు. చివరికి మళ్ళీ రాసింది. “చీటీ ఓనరు ఇచ్చింది, అది చెల్లుతుంది. దాచింది నువ్వు, నువ్వు చేట మీదినుంచి లేవాలి.”

లేచాను బిడ్డా. నా చేట ఇంకొకామె తీసుకుంది. పుల్లల డబ్బా జేబులో వేసుకొని వచ్చేశాను. సంతోషమే. ఇల్లు నీకుంది, అది చాలు. శుక్రవారం గడ్డం గీసుకునే పని తప్పింది, బ్లేడు మిగులు.

నీ నాయన

*

విరుదునగరం
26-2-2025

నాయనకు,

ఈ ఆదివారం కొన్న బియ్యంలో పుల్ల లేదు. రాళ్ళున్నాయి. ఆయన ఒకటి కొరికి, “మామను మళ్ళీ కూర్చోబెట్టమని చెప్పు,” అన్నాడు. ఇప్పుడు కర్రతో వాకిలిదాకా నడుస్తున్నాడు.

ఊరికే తిన్నానని ఉండకూడదని నేనూ పాక్కియమ్మ పక్కన కూర్చొని శనివారాలు ఇక్కడి కోవిలలో బియ్యం ఏరుతున్నాను. మిల్లులో చేసేదే, చేతికి కొత్త కాదు. ఆమె ఏరిన చోట మళ్ళీ ఒకసారి చూస్తాను, నేను ఏరిన చోట ఆమె చూస్తుంది. మా ఇద్దరికీ ఒకరిమీద ఒకరికి నమ్మకం లేదు, అందుకే రాయి మిగలదు.

ఈ బియ్యం మీ ఊరికి పోతుంది. చీటీ చదివేటప్పుడు నేను లేచి బయటికెళ్ళి కుళాయి దగ్గర నిలబడతానని టీచరుకు ముందే చెప్పాను. ఎందుకని ఆమె అడగలేదు.

మారీశ్వరి

*

కోవిల్‌పట్టి
31-3-2025

బంగారు తల్లికి నాయన రాసేది.

ఇక్కడ అందరం బాగున్నాం. దేవిప్రియ మొదటి పరీక్ష బాగా రాసిందని ఫోనులో మీ అమ్మకు చెప్పావట. నాకు సైగ చేసి చూపించింది. పరీక్షలన్నీ అయ్యాక, నీ చీటీ తీరిపోతుంది కాబట్టి, వచ్చి చేట పట్టమని టీచరు కబురంపింది.

నిన్న ఇక్కడి గేటు దగ్గర బియ్యం కొన్నాను. చేటలో పోస్తే అయిదు కందిపప్పు బద్దలు, దారానికి గుచ్చి. నాలుగు ఒక వరస, అయిదోది అడ్డం. ఏరినవాళ్ళకు కళ్ళు లేవా అని మీ అమ్మ తిట్టింది.

ఈసారి మిఠాయి కొనలేదు, ఎవరికీ పంచలేదు. పుల్లల డబ్బాలో వేసి మూత పెట్టాను.

నీ నాయన,
పాలసామి